గేరు బాక్సు కింద మాట

మా ఆయన మూగోడని రాయగడలో సగం మంది అనుకుంటారు. కొల్నార రోడ్డులో మా షెడ్డుకి బండి తెచ్చినోళ్ళు ఆయనతో సైగలు సేస్తారు. ఒకాయనైతే పాపం బుగ్గలు ఉబ్బించి, సేతులు ఊపి, సైలెన్సర్లోంచి పొగొస్తోందని పెద్ద నాటకమే ఆడి సూపించేడు. నాకు నవ్వాగక కౌంటరు కింద దూరిపోయేను. మూగోడేటి బాబూ, నాతో దెబ్బలాడినప్పుడు సూడాలి ఆ నోరు! కాకపోతే బండి జాకీ మీదున్నంతసేపూ ఆయన మాటాడడు, పక్కనున్నోణ్ణీ మాటాడనివ్వడు. పానాతో ఇనప పట్టీ మీద కొడతాడు. ఒక దెబ్బంటే పైకి లేపమని. రెండంటే కిందకి దింపమని. అంతకి మించి భాష అక్కర్నేదు ఆయనకి.

ఆయన పేరు తాతారావు. నా పేరు రామతులసి. ముందర పార్టుల కొట్టు నాది, వెనకాల షెడ్డు ఆయనది. ఎవరైనా వచ్చి "మేస్త్రికి మాట రాదేటమ్మా?" అని జాలిపడితే నాకు ఒళ్ళు మండిపోతాది. వచ్చు. భేషుగ్గా వచ్చు. ఒకటి కాదు, రెండు భాషలు వచ్చు. మా కొంప ముంచింది అదే.

ఆళ్ళది పార్వతీపురం నించి వచ్చి ఈ ఒరియావోళ్ళ ఊళ్ళో స్థిరపడిపోయిన కుటుంబం. మా మావగారు ఎండుమిరపకాయలు, సింతపండు హోల్‌సేలు సేసేవోరు. ఇద్దరు కొడుకులు. పెద్దోడు మా ఆయన, రెండోవోడు సిన్నబాబు. ఇద్దరికీ కొట్లో కూకోవడమంటే పడదు. మిరపకాయల ఘాటుకి తుమ్మలేక బండ్ల కింద దూరేరు యెదవలు అని మా మావగారు సచ్చేదాకా తిట్టేరు. ఆళ్ళకి పని నేర్పినోడు ఒరియా మేస్త్రి. తిట్టినా ఒరియాలోనే, మెచ్చుకున్నా ఒరియాలోనే. అంచేత అన్నదమ్ములిద్దరికీ సేతికి పనీ, నోటికి ఒరియా కలిసే వచ్చేయి. ఇంట్లో అన్నం దగ్గర తెలుగు, బండి కింద దూరితే ఒరియా. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఇదేటి గోలని ఇడ్డూరంగా సూసేదాన్ని. జాకీ పైకి లేపాలంటే "ఉపర" అనేవోరు. కిందకి దింపాలంటే ఇంకో మాట.

ఆ మాట నేను ఇంట్లో అనను. ఇక్కడ అనక తప్పదు కాబట్టి అంటున్నాను. కిందకి అనడానికి ఒరియావోళ్ళు నోరు గుండ్రంగా సుట్టి "తొళొ" అంటారు. మనోళ్ళకి ఆ నోరు తిరగదు. మన నోట్లో పడేసరికి అది "తల" అయిపోతాది. మరి తెలుగులో తల అంటే ఏటో నేను సెప్పక్కర్నేదు కదా. అసలు ఒరియావోళ్ళిద్దరైతే ఏ గొడవా నేదు. అచ్చంగా తెలుగోళ్ళే తెలుగు మాటాడుకున్నా గొడవ నేదు. తెలుగోళ్ళు ఒరియా మాటాడుకున్నారు, అక్కడే వచ్చింది.

సిన్నబాబుకి ఒక అంబాసిడరు కారుండేది. బాగా పాతది, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండే రకం. ముందు సీటు బెంచీలాగ ఒకటే ఉంటాది. పెళ్ళి బేరాలప్పుడు తన పక్కన ముగ్గుర్ని కూకోబెట్టి, "మోకాలు సర్దుకోరా, దాన్ని పట్టుకుని గేరు మార్చీగలను" అని ఏడిపించేవోడు. మాటల పుట్ట. ఆడు షెడ్డులో ఉంటే రేడియో పెట్టక్కర్నేదు. రాయగడ నించి కోరాపుట్టుకి ఆ కారే తిప్పేవోడు. లక్ష్మీపూర్ ఘాటీ కొండరోడ్డు ఎక్కినప్పుడల్లా రెండో గేరు జారిపోయి బండి వెనక్కి తన్నేది. ఒక సేత్తో స్టీరింగు, ఇంకో సేత్తో రాడ్డు ఊడిపోకుండా పట్టుకుని ఎక్కేవోడు. ఓపిక సచ్చిపోయి, తర్వాత మోడలుకి వచ్చిన అయిదు గేర్ల బాక్సు ఒకటి వైజాగులో పాత సామాన్ల కొట్లో పట్టుకొచ్చేడు. దానికి రాడ్డు నేలలోంచి వస్తాది, సీటు పక్కనించి.

ఆడి పెళ్ళాం రోజారమణి మూతి ముడుసుకుంది. "రాడ్డు మధ్యలోకొస్తే నేనెక్కడ కూకోవాలి?" అంది. ఎప్పుడు బయటికెళ్ళినా ఆణ్ణి ఆనుకుని కూకోవడం అలవాటు దానికి. "రాడ్డు మీద సెయ్యేసుకుని కూకో, నీ సెయ్యి మీద నా సెయ్యేసి మారుస్తాను" అన్నాడు. మేమంతా నవ్వేం.

కారు నేల కోసేడు. వెనక సక్రాలకి ఎల్లే షాఫ్టుని లేతు మీద పొట్టి సేయించేడు. బాక్సు ఆనడానికి అడ్డపట్టీ కొత్తది ఎల్డింగు పెట్టించేడు. ఇక ఎక్కించడమే మిగిలింది. మా షెడ్డులో గొయ్యి నేదు. కారుని దుంగల మీద లేపి, బాక్సుని జాకీ మీద పెట్టి, కిందనించే ఎక్కించాలి. ఒకడు ఎల్లకిల పడుకుని బాక్సు మూతిని క్లచ్చు ప్లేటు కన్నంలోకి దూర్చాలి. ఇంకొకడు జాకీ దగ్గరుండాలి. మూతి దూరేదాకా ఒక వేలెడు పైకి, ఒక వేలెడు కిందకి, అదే గొడవ. సిన్నబాబు కింద పడుకున్నాడు. మా ఆయన జాకీ పట్టేడు. "ఉపర... ఉపర... తల... సాలు, ఉపర." నేను కొట్లో ఎవరికో బ్రేకాయిలు ఇస్తన్నాను, నాకూ వినబడతానే ఉంది. అప్పుడు "తల! తల!" అని గట్టిగా అరిసేడు. మా ఆయన జాకీ వదిలేడు. బాక్సు పక్కకి ఒరిగి జారిపోయింది.

ఆడి కణత మీద పడింది. ఆసుపత్రికి తీసికెళ్ళేలోగానే అయిపోయింది.

ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు రోజా ఏడవనేదు. తిన్నగా మా ఆయన ముందరికొచ్చి నిలబడింది. "బావగారూ, ఆఖరికి ఏటన్నాడు?" అని అడిగింది.

"తల అన్నాడమ్మా."

"జాకీ దింపమన్నాడా? తన తల నలిగిపోతందన్నాడా?"

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

"తెలిసినప్పుడు సెప్పండి. అందాకా మీకూ నాకూ మాటల్నేవు" అంది. దినాలవగానే కూతుర్ని తీసుకుని బోరిగుమ్మలో పుట్టింటికి ఎల్లిపోయింది. మేం ఎన్నిసార్లు ఫోను సేసినా మా గొంతు వినగానే పెట్టీసేది. తప్పనడానికి నాకు నోరు రాదు. మొగుడి ఆఖరి మాటేటో అడిగింది, అంతకంటే ఏటడిగింది?

దింపమనే అన్నాడంటే ఆడు సూసుకోనేదు, ఆడి ఖర్మ. నా తల అని అరిసేడంటే, అన్న సేతులారా తమ్ముణ్ణి సంపుకున్నట్టు. మా ఆయన ఇన్నేళ్ళూ ఆ రెండిటి మధ్యే బతికేడు. ఎటూ ఒరగనేదు. ఒరిగినా బాగుండేది, తప్పు నాదేనని ఏడిస్తే నేను ఓదార్సేదాన్ని, తప్పు ఆడిదంటే సరే అనేదాన్ని. తెలీదు అన్నోణ్ణి ఏటని ఓదార్సాలి?

అప్పణ్ణించి మా ఇంట్లో ఆ మాట నేదు. తలుపు ఎయ్యమనకూడదు, గడప కాడ మూయమనాలి. తలగడ కాదు, దిండు. తలంటు కాదు, నూనె స్నానం. తలనొప్పి నాకు రాదు, బుర్ర పోటొస్తాది. పెళ్ళిలో తలంబ్రాలు పట్టుకురండి అని పురోహితుడంటే ఈయన లేసి బయటికెళ్ళిపోయేవోడు. ఓలమ్మో, తెలుగులో ఇన్ని మాటల్లో తల ఉందని అంతకు ముందు నాకు తెలీదు! ఒకోసారి ఇసుగొచ్చి కావాలనే "తలుపు, తలుపు, తలుపు" అని అరవాలనిపించేది. ఆయన మొహం సూసి మానీసేదాన్ని.

బయట మాత్రం ఆయనే ఆ మాట పట్టుకు తిరిగేవోడు. మజ్జిగౌరి అమ్మవారి గుడి దగ్గర పువ్వులమ్మే ముసలమ్మని, కొండల్నించి సంతకొచ్చే దేశియా ఆడోళ్ళని, బస్టాండులో కానిస్టేబుల్ని ఆపీసి "తల" అనేవోడు. "ఏటి వినబడింది? కిందకనా, బుర్రనా?" అని అడిగేవోడు. ఒరియావోళ్ళు ఆయన యాస విని నవ్వీసేవోరు. తెలుగోళ్ళు సెయ్యెత్తి తల తడుముకునేవోరు, నెత్తి మీద ఏటో పడిందనుకుని. ఎవరి దగ్గరా జవాబు దొరకనేదు.

కారు షెడ్డు మూల టార్పాలిను కింద ఉండిపోయింది. నేల కోసిన కన్నంలోంచి గడ్డి మొలిసి సీటు ఎత్తుకి పెరిగింది. బాక్సుని తుక్కుకి ఏసీయమన్నాను. వినడే! డీజిలుతో కడిగి, గోనెసంచిలో సుట్టి, బల్ల కింద దాసేడు. ఏడాదికోసారి దాన్ని బయటికి తీసి అందులో ఆయిలు మార్చేవోడు. ఏ బండికీ తిరగని బాక్సుకి కొత్త ఆయిలేటయ్యా, పిచ్చెక్కిందేటి నీకు, అని నేను కసిరితే పలికేవోడు కాదు. మూత బిగించి మళ్ళీ సంచిలో సుట్టీసేవోడు.

వానొస్తే మరీ నరకం. టార్పాలిను మీద నీళ్ళు పడతంటే ఆయన పని ఆపీసి అటే సూసేవోడు. "ఏటయ్యా?" అంటే "పిలిసినట్టుంది" అనేవోడు. మొదట్లో నేను తిట్టేదాన్ని. తర్వాత నాకూ వినబడ్డం మొదలెట్టింది. మధ్యాన్నం, కొట్లో బేరాల్నేనప్పుడు, ఆ మూలనించి, ఎవరో గొంతులోనే గొణిగినట్టు అదే మాట. నాకు భయమేసేది. సెప్తే ఆయన ఇంకా కుంగిపోతాడని సెప్పనేదు. రేడియో గట్టిగా పెట్టీసేదాన్ని.

ఈ ఏడు వానలు మొదలవకముందు ఒకమ్మాయి కొట్లోకి వచ్చి నిలబడింది. నీలం రంగు సర్వీసు చొక్కా, జేబులో టెస్టరు.

"పెద్దమ్మా, నేను సుజనని" అంది.

సిన్నబాబు కూతురు! ఎల్లినప్పుడు ఆరో క్లాసు గుంట. ఇప్పుడు కోరాపుట్టులో కార్ల సర్వీసు సెంటర్లో పని సేస్తందంట. నవ్వితే అచ్చం ఆళ్ళ నాన్నే. నాకు ఏడుపొచ్చీసింది. "ఎన్నాళ్ళకొచ్చేవే అమ్మీ" అని పట్టుకున్నాను. అది మాత్రం నా భుజం మీంచి షెడ్డు మూలకి సూస్తంది.

"నాన్న కారు తీసుకెళ్తాను పెద్దమ్మా. ఆ బాక్సే ఎక్కించి, తోలుకుని ఘాటీ ఎక్కుతాను. నాన్న పని సగంలో ఉండిపోయింది."

మా ఆయన లోపలినించి వచ్చి గుంజ పట్టుకుని నిలబడిపోయేడు. సుజన ఆయనకేసి తిరిగింది. "మీరు జాకీ పట్టండి పెదనాన్నా, కింద నేను పడుకుంటాను" అంది.

"నా పీక కోసినా ఒప్పుకోను!" అన్నాడు. షెడ్డులో ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ విననేదు.

"అయితే వైజాగు పంపి బాక్సు పట్టిస్తాను. కారు మాది."

ఆయన గుంజ వదిలి కారు దగ్గరికెళ్ళేడు. నాతో అంటున్నట్టు అన్నాడు. "ఆడు పడుకున్న సోట నేనొక్కసారీ పడుకోనేదు. అక్కణ్ణించి సూస్తే, దింపమనే అనుంటాడో కాదో తెలుస్తాదేమో. నేను కింద పడుకుంటాను. జాకీ సుజన పడతాది."

"ఒద్దు" అన్నాను నేను. "నీకేటైనా అయితే నాకెవరున్నారయ్యా?" అన్నాను. "అమ్మీ, నువ్వైనా సెప్పు" అన్నాను. నా మాట ఎవరిక్కావాలి. పెదనాన్నా కూతురూ అప్పటికే టార్పాలిను లాగుతున్నారు.

రెండు రోజులు కారు కడగడానికే సరిపోయింది. గడ్డి పీకేరు. తుప్పట్టిన బోల్టులు ఇప్పి కొత్తవి తెచ్చుకున్నారు, నా కొట్లోంచే. క్లచ్చు ప్లేటు మార్చేరు. ఇద్దరి సేతులూ ఒకేలాగ ఆడతన్నాయి. నేను తిడుతూనే టీలు పెట్టిచ్చేను.

మూడోనాడు మధ్యాన్నం బాక్సు ఎక్కించేరు. అప్పుడే వాన ఎత్తుకుంది. రేకుల మీద ఒకటే మోత. ఆయన అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, గోనెసంచి పరుసుకుని కిందకి జరిగేడు. సుజనకి ముందే సెప్పేడు: మాట వద్దు, పానా దెబ్బే. ఒకటి పైకి, రెండు కిందకి. నేను కొట్టు మూసీసి వచ్చి జాకీ పక్కనే నిలబడ్డాను. సుజన భుజం పట్టుకున్నాను.

టంగ్. లేపింది. టంగ్. ఇంకొంచెం. టంగ్ టంగ్. దింపింది. మూతి కన్నం దాకా వచ్చినట్టుంది. టంగ్. లోపలికి సగం దూరింది. అక్కడ పట్టీసింది. ఆయన రెండు సేతులూ ఏసి బాక్సుని ఊపుతున్నాడు, ఆయన రొప్పు నాకు వినబడతంది. ఇంతలో జాకీ మీద బాక్సు తోక పక్కకి ఒరిగింది. పానా సేతిలోంచి జారి నేల మీద పడి ఎగిరి మళ్ళీ పడింది. అది ఒక దెబ్బో, రెండు దెబ్బలో, దెబ్బే కాదో ఎవరికి తెలుసు? సుజన సెయ్యి జాకీ మీద బిగుసుకుపోయింది.

కిందనించి "తల! తల!" అని కేక.

ఆ గొంతు మా ఆయనది కాదు. సత్యప్రమాణంగా సెప్తన్నాను, అది సిన్నబాబు గొంతు. ఇన్నేళ్ళూ టార్పాలిను కిందనించి విన్న గొంతే.

సుజన లేపనూ నేదు, దింపనూ నేదు. ఒంగి, "ఏ తల పెదనాన్నా?" అని అడిగింది.

ఊరికే, ఏ నట్టు కావాలని అడిగినట్టు అడిగింది.

"నాది! నా తలమ్మీ, నా బుర్ర! లేపు!"

లేపింది. ఆయన పక్కకి దొర్లి బయటికొచ్చేడు. సెవి మీద తోలు లేసిపోయింది, రక్తం కారతంది. నేను కొంగు పెట్టి నొక్కుతూ నోటికొచ్చినట్టు తిట్టేను. ఆయనకి ఏటీ వినబడ్డంనేదు. సక్రానికి ఆనుకుని కూకుని సుజన కేసే సూస్తన్నాడు.

"అడిగేవు కదమ్మీ" అన్నాడు. "అడగొచ్చని నాకు తోచనేదు. ఒక్క మాట. అడిగుంటే ఆడు సెప్పీసేవోడు."

ఆయన బుర్ర తుడుసుకుని మళ్ళీ అన్నాడు. "పొద్దుణ్ణించీ నా మనసులో ఒరియాయే ఉంది. ఉపర, తల, అదే లెక్క. బాక్సు మీదకొచ్చేసరికి అది పోయింది. నేను ఎతుక్కోనేదు, నోట్లోంచి తెలుగే వచ్చీసింది. ఆడికీ అదే వచ్చుంటాది. ఆడు తెలుగులోనే అరిసేడమ్మీ. నేను ఒరియాలో విన్నాను."

అదేం రుజువయ్యా, నీకొచ్చినట్టు ఆడికీ రావాలనేటుంది అని నా నాలిక సివరిదాకా వచ్చింది. అనాలనే ఉంది. ఆయన మొహం సూసేను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ఒక పక్కకి ఒరిగేడు. ఒరిగింది తన మీదకే. నేను నోరు మూసుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు ఆగనేదు.

సుజన గ్రీసు సేతులు గుడ్డకి తుడుసుకుంది. ఫోను తీసి నొక్కి, అవతల మోగుతుండగానే ఆయన సేతిలో పెట్టింది. "అమ్మ. నేనైతే సెప్పను, మీరే సెప్పండి" అంది.

ఆయన రెండు సేతులతో పట్టుకున్నాడు. "రోజమ్మా, నేను తాతారావుని. ఫోను పెట్టీయకమ్మా, ఒక్క మాట" అన్నాడు. "తల అంటే తలేనమ్మా. దింపమననేదు ఆడు. తెలుగులోనే అన్నాడు. నేనే సరిగ్గా విననేదు."

పెట్టీసిందనుకుని నేనూ సెవి ఆనించేను. పెట్టీయనేదు, ఊపిరి వినబడతంది. రోజా మాటాడింది, నెమ్మదిగా.

"అయితే జాకీ కాడి మేస్త్రిని కాదు బావగారూ," అంది, "ఇంటి మాటతో అన్నియ్యనే పిలిసేడన్నమాట."

ఆయన "అవునమ్మా" అన్నాడు.